కింది మడికి

ఆషాఢంలో లారీవాళ్ళు ఎప్పట్లాగే కొండెక్కొచ్చి
తల్లిదుంప తీస్తావా నిమ్కిత్, అనడిగారు.
ధర బాగుంది.
విత్తనానికి పెట్టిందంతా వెనక్కొస్తుంది.
పిల్లకాడ నిలదొక్కుకున్నాక
దాని కిందికి చెయ్యి దూర్చి
తల్లిని పుటుక్కున విరిచి తీసుకోవడం
మా అమ్మ నేర్పిన పనే.
మట్టి కప్పేస్తే మొక్కకి తెలియదనేది.

తెలుస్తుంది.
పోయినేడు తెలిసింది.
విరిచిన చోటల్లా పుండు,
పుండులో ఈగ పురుగులు, ఆపైన కుళ్ళు.
కార్తీకంలో తవ్వితే
చేతికొచ్చింది దుంప కాదు, కంపు.
తొమ్మిది బుట్టలు నాటి
ఒకటిన్నర బుట్ట తవ్వుకున్నాను.

అందుకే ఈ ఏడు లారీకి లేదన్నాను.
విత్తనం తీస్తా అవతలి కొండ నుంచి మోసుకొచ్చి
కన్ను కన్నునీ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను.
ఛోపెల్ బళ్ళోంచి థర్మామీటరు అడిగి తెచ్చాడు.
యాభై దాటని వేణ్ణీళ్ళు, పది నిమిషాలు,
పొయ్యిలో కట్టె లాగుతూ తోస్తూ
పురిటిబిడ్డకి పోసినట్టే పోశాం.
పేడలో కలిపిన మంచి బూజు
తడి గోనె కింద పచ్చగా తిరిగేదాకా
ఎత్తకూడదని తెలిసీ రోజూ ఎత్తి చూశాను.
రెండేళ్ళు మొక్కజొన్న వేసిన చెక్కలోనే నాటాను.
మాచిపత్రి కోసి మందంగా కప్పితే
రాత్రి పక్కమీద కూడా ఒళ్ళు చేదు వాసన.
కాడకి చిల్లి, చిల్లి దగ్గర పిప్పి కనిపిస్తే
పురుగును లాగి గోటితో నలిపాను.
నూట పదకొండు దాకా లెక్కపెట్టి మానేశాను.

అయినా,
శ్రావణంలో ఒక పొద్దున
మూడో చెక్క మూల
ఒక్క కుదురు దాహమేసినట్టు
ఆకులు చుట్టుకుంది.
కురిసే వానలో.

కాడ కోసి
టీ గ్లాసులో నీళ్ళుపోసి ముంచాను.
కోతలోంచి పాలదారం ఒకటి
నెమ్మదిగా అడుగుకి దిగింది.
ఇంత అందంగా దిగుతుందని
ఎవరూ చెప్పలేదు.

దీనికి మందు లేదు.
రంగు డబ్బాలు ఈ కొండల్లో అమ్మరు,
అమ్మినా దీని దాకా దిగవట.
తవ్వాలి, అంతే.
చుట్టూ జానెడు మట్టితో,
పక్కన బాగున్న కుదుళ్ళతో సహా,
బెడ్డ రాలకుండా గోనెలో కట్టాలి.
గుంటకి సున్నం. పారకి నిప్పుసెగ. చెప్పులకి బూడిద.

అప్పుడు చూశాను నీళ్ళని.
బోదె పొర్లి, గట్టు దూకి
కింద పూర్ణహాంగ్ మడిలోకి
తొందరపడి పోతున్నాయి.

నాలుగేళ్ళుగా మాటల్లేవు మాకు.
గాలివానకి గట్టు మీద కూలిన ఉతీస్ చెట్టు
నాదంటే నాదని.
చివరికి ఎవరమూ కొట్టుకోలేదు దాన్ని.
పడ్డచోటే పుట్టగొడుగులు మొలిచి మెత్తబడింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు.
తెగులుకి ఇంటిపేరుండదు.
ముందు కుళ్ళింది వాడి చేనేనని అనొచ్చు కూడా.
ఒక్క క్షణం అని అబద్ధమెందుకు,
చాలాసేపే నిలబడ్డాను
భుజాన గోనె బరువుతో.

తర్వాత గట్టెక్కి అరిచాను.
పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు.
"నీళ్ళాపు! నా చేనుకి తెగులొచ్చింది, నీళ్ళాపు!"

తలెత్తి చూశాడు.
ఏమీ అనకుండా ఇంట్లోకి పోయాడు.
పోయాడనే అనుకున్నాను.
పలుగుతో వచ్చాడు.

వాగులోకి మళ్ళిద్దామన్నాడు.
వద్దన్నాను, కింద ఇంకా మళ్ళున్నాయి.
నాలుగేళ్ళ తర్వాత మా మాటలు ఇవే.
గట్టుకి అటు సగం ఇటు సగం
నడుంలోతు ఇంకుడుగుంట తవ్వాం.
ఆ చెట్టు మొద్దు అడ్డొచ్చింది.
గొడ్డలి అక్కర్లేకపోయింది,
మడమతో తంతే విడిపోయింది.

పొద్దున్నే మళ్ళీ వరుసల్లోకి దిగాను,
ఆకు ఆకునీ చూసుకుంటూ.
కింద అతనూ వంగి చూస్తున్నాడు.
ఏమైనా ఉందా అని నేను అడగలేదు.
ఉంటే అరుస్తాడు.